మిరప షెడ్డులో జులూ కోడలు

ఈ నాలుగు మాటలూ రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. బద్ధకం ఒక కారణం. రెండోది, టీచరమ్మకు ఇలాంటివి గిట్టవు. పోయినవాళ్ళ గురించి పేపర్లో పడేవి చదివి, "ఇంత మంచివాళ్ళంతా బతికున్నప్పుడు ఏ ఊళ్ళో ఉండేవారు తమ్ముడూ? మనకు ఒక్కరూ తగల్లేదే!" అనేవారు. అలాంటి మనిషి మీద అలాంటిదే రాయడానికి చెయ్యి రాలేదు. కానీ నిన్న నా మిరప షెడ్డులో పనిచేసే నాగమణి నా కాటా బల్ల మీద కొత్త పెన్నొకటి పెట్టి, "మీరు రాస్తారా, నన్ను చెప్పమంటారా? నేను చెబితే ఊరంతా వినపడుద్ది" అంది. వినపడుతుంది, నాకు తెలుసు. అందుకని రాస్తున్నాను.

కబురు చెప్పింది కూడా నాగమణే. పొద్దున గడ్డానికి సబ్బు రాసుకుని ఉండగా ఫోను మోగింది. "టీచరమ్మ పోయింది. గుంటూరు బ్రాడీపేట ఆస్పత్రిలోనే, నిద్దట్లో. ఇంటికి తెస్తన్నారు. షెడ్డు తాళం తియ్యమాకండి." అంతే, పెట్టేసింది. ఎప్పుడూ ఇంత తక్కువ మాట్లాడని మనిషి ఇంతే మాట్లాడేసరికి, ముందు ఆమెకేమైందోనని భయపడ్డాను. తర్వాత గానీ అసలు మాట బుర్రకెక్కలేదు. చెంపల మీద సబ్బు ఎండిపోయింది. ఆ రోజు అలాగే సగం గడ్డంతో వెళ్ళాను. పెట్టెలో ఉన్న టీచరమ్మ చూడగలిగి ఉంటే తప్పకుండా ఏదో ఒకటి అని ఉండేవారు.

ముందు మా షెడ్డు గురించి కాస్త చెప్పాలి, లేకపోతే ఆమె గురించి చెప్పలేను. మాది సత్తెనపల్లి. ఊరి చివర నాకో రేకుల షెడ్డుంది. పల్లెల నుంచి వచ్చిన ఎండు మిరపకాయకు తొడిమ తీయడం, తాలు ఏరేయడం, మేలు కాయను గోతాలకెత్తడం అక్కడి పని. తాలంటే రంగు చచ్చి తెల్లబడ్డ కాయ. ఆడవాళ్ళు కాయ రాశుల చుట్టూ గోతాలు పరుచుకుని కూర్చుంటారు. చూపు ఎక్కడున్నా, మాట ఎక్కడున్నా, వేళ్ళు మాత్రం తుంచుతూనే ఉంటాయి. ఈ పనిలో ఒక కట్టుబాటుంది: చేతులు ఎంత కడుక్కున్నా సరే, వాటితో కళ్ళు తుడుచుకోకూడదు. మంట రోజంతా వేళ్ళలోనే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళు మొదటి రోజు మర్చిపోతారు. రెండో రోజు మర్చిపోరు.

టీచరమ్మ ఇంటి వెనక గోడా నా షెడ్డు పక్క గోడా ఒకటే. ఆమె, ఆమె భర్త ఇద్దరూ చాలా ఏళ్ళు దక్షిణాఫ్రికాలో, జులూ వాళ్ళ కొండల్లో, ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి వచ్చారు. ఆయన పోయాక ఆ ఇంట్లో ఆమె ఒక్కరే ఉండేవారు. ఓ మధ్యాహ్నం మూతికి తెల్ల తువ్వాలు కట్టుకుని, చేత గొడుగు పట్టుకుని నా షెడ్డు గుమ్మంలో నిలబడ్డారు. తగువుకొచ్చారని చూడగానే తెలిసిపోయింది.

"ఏమండీ, మా ఇంట్లో తాలింపు వేసుకోవడం మానేశాను, మీ ఘాటే సరిపోతోంది. కిటికీ తీస్తే తుమ్ములు, మూస్తే ఉక్క. ఏం చేయమంటారో మీరే చెప్పండి."

నేను నసుగుతూ ఉండగా నాగమణి తల కూడా ఎత్తకుండా, "వచ్చి కూర్చోండి టీచరమ్మా. నాలుగు రోజులు మాతో కూర్చుంటే ముక్కే చచ్చిపోద్ది. ఇంక తుమ్ములేడుంటయ్?" అంది.

ఆమె నిజంగానే కూర్చున్నారు. ముక్కేమీ చావలేదు, చివరిదాకా తుమ్ముతూనే ఉన్నారు. కానీ తగువు మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ తువ్వాలు మంగళగిరి నేత. తెల్లగా, పల్చగా, అంచున సన్నటి నల్ల గీతతో ఉండేది. అలాంటివే కొన్ని కొనుక్కుని, ఒకటి ఎప్పుడూ మా షెడ్డు గోడ మేకుకు తగిలించి ఉంచేవారు. మధ్యాహ్నం భోజనమయ్యాక రావడం, మేకు మీది తువ్వాలు తీసి మూతికి కట్టుకోవడం, చక్కెర లేని టీ తాగి ఆ తర్వాత బెల్లంముక్క నోట్లో వేసుకోవడం. "టీలో వేసుకుంటే కరిగిపోతుంది తమ్ముడూ, ఇలాగైతే తిన్నట్టు తెలుస్తుంది" అనేవారు. నేనూ ప్రయత్నించాను. నాకు టీ టీగానూ బెల్లం బెల్లంగానూ తెలిసింది, అంతకు మించి ఏమీ తెలియలేదు.

కథలు మొదలైంది పెళ్ళిళ్ళ దగ్గర. ఆడవాళ్ళు పదిమంది చేరాక అక్కడ కాక ఇంకెక్కడ మొదలవుతాయి?

"ఆ దేశంలో పెళ్ళిళ్ళు ఎట్టా చేస్తారమ్మా?" అని అడిగింది నాగమణి.

"అబ్బాయి తరపువాళ్ళు ఆవుల్ని తోలుకెళ్ళి ఇస్తారు. లొబోలా అంటారు దాన్ని."

"అబ్బాయి వాళ్ళే ఇస్తారా! మా తాతమ్మకూ అట్టానే ఓలి ఇచ్చి చేసుకున్నారంట. మా నాయనమ్మ చెప్పేది. ఇంతకీ ఆ ఆవులు ఎవరికమ్మా, పిల్లకా?"

"పిల్ల నాన్నకి."

"మరి పిల్లకేమిస్తారు?"

టీచరమ్మ జవాబు చెప్పేలోపు మూల నుంచి ఎవరో "పని" అన్నారు. షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు అందరూ. టీచరమ్మ నవ్వలేదు. గోడ అవతల తన ఇంటికెళ్ళి, అట్ట ఊడిన పుస్తకం ఒకటి పట్టుకొచ్చారు. "మీరు ఇప్పుడన్న మాట చెప్పడానికి ఇందులో ఒకాయన రెండు వందల పేజీలు తీసుకున్నాడు. వింటారా?" అన్నారు.

అలా మొదలైంది. జులూ భాష ఎలా వచ్చిందని అడిగితే ఉప్పు వల్ల వచ్చిందన్నారు. అక్కడ పక్కింటామెకు ఇంగ్లీషు బాగానే వచ్చట. కానీ ఉప్పు బదులడిగితే, మా మాటలో అడిగినప్పుడు ఇస్తాననేదట. కొన్నాళ్ళు చప్పిడి కూరలు తిని, ఆ తర్వాత అడగడం నేర్చుకున్నారు. మరికొన్నాళ్ళకు అదే ఆమె దగ్గర నవలలు బదులడిగి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. "నేను లెక్కలు చెప్పడానికి వెళ్ళి కథలు నేర్చుకుని వచ్చాను" అనేవారు. నాకు ఆ మాట బాగా నచ్చింది. ఎందుకంటే నేను బడిలో చదివింది ఐదు దాకానే. మిగతా చదువంతా కిరాణా పొట్లాల కాగితాల మీదే. ఏ కథకూ నాకు మొదలు తెలియదు, ఏ కథకూ చివర తెలియదు, మధ్యలు మాత్రం చాలా తెలుసు. ఇలా చదువుకున్నవాడు కాబట్టే ఇలా రాస్తున్నానని మీరు ఈపాటికి గ్రహించే ఉంటారు. అసలు దారికొస్తాను.

ఆ భాషలో కొన్ని అక్షరాలను నాలుకతో టక్కుమనిపించి పలకాలి. మా నాన్న అరకకు కట్టిన ఎడ్లను అదిలించేటప్పుడు చేసిన శబ్దం అచ్చం అదే. ఈ మాట చెబితే టీచరమ్మ మురిసిపోయారు. ఆడవాళ్ళందరూ ఆ టక్కును ఒక్క రోజులో పట్టేశారు. పట్టేసి దేనికి వాడుకున్నారంటే, ప్రసాదు మీద. ప్రసాదు అంటే పల్లెల నుంచి కాయ బస్తాలు తెచ్చే ట్రాలీ ఆటో అతను. నలభై దగ్గర పడుతున్న మనిషి, పెళ్ళాం పోయి చాలా ఏళ్ళయింది, మాట తక్కువ. కథ మధ్యలో అతను బస్తా దింపడానికి వస్తే అందరూ కలిసి టక్కు టక్కుమనేవాళ్ళు. అతను ఎద్దులాగే తల వంచుకుని బయటకు నడిచేవాడు. పోను పోను అతను కథ నడుస్తున్నంతసేపూ బస్తాలను చప్పుడు కాకుండా దింపడం నేర్చుకున్నాడు. పది బారల దూరం నుంచి తాలు కాయను గుర్తుపట్టే నాకు, ఆ మనిషి అంత మెత్తగా బస్తా ఎందుకు దింపుతున్నాడో మాత్రం తట్టలేదు.

టీచరమ్మ చెప్పే తీరే వేరు. ముందు ఒక వాక్యం జులూలో చదివేవారు, వాళ్ళకు అర్థం కాదని తెలిసీ. "ఆ పిల్ల గొంతు ముందు వినండి, తర్వాత నా గొంతు విందురుగాని" అనేవారు. ఆ తర్వాత తెలుగులో చెప్పుకుపోయేవారు. చెబుతున్నంతసేపూ మొహాల వంక కాదు, వేళ్ళ వంక చూసేవారు. ఎందుకని ఓసారి అడిగాను. "మొహానికి అబద్ధం చెప్పడం వచ్చు తమ్ముడూ. చెయ్యి ఆగిందంటే కథ తగిలినట్టే."

ప్రేమకథలంటే నాగమణికి ప్రాణం. ఓ నవలలో ఓ పిల్ల ఒకబ్బాయిని చాలాకాలం తన చుట్టూ తిప్పుకుని, పెద్ద పిల్లల్ని సలహా అడిగి, చివరికి సరేనని తన చేత్తో గుచ్చిన పూసల దండ పంపిస్తుంది. "ఎంచుకునేది పిల్లేనా?" అని అందరూ ఒకేసారి అడిగారు. ఎంచుకునేది పిల్లే, కాదని ఆవులున్న ఇంకొకడికి కట్టబెట్టేది తండ్రి. అక్కడి కథలు సగం ఆ రెంటి మధ్యే నడుస్తాయన్నారు టీచరమ్మ. "మరి ఎంచుకున్నట్టు ఊరికి తెలిసేదెట్టా?" అంటే, ఆ అబ్బాయి ఇంటి దగ్గర పొడుగాటి కర్రకు తెల్ల జెండా కడతారని చెప్పారు. ఇతన్ని ఒకామె ఎంచుకుందని దాని అర్థమట.

"మా ఇంటికి గనక కడితే, గుడ్డ బాగుందని మా ఆయన దాన్ని తువ్వాలు చేసుకుంటాడు" అంది నాగమణి.

అక్కడి కోడలు మామగారి పేరు పలకకూడదట. పేరే కాదు, ఆ పేరును పోలిన మాట కూడా పలకకూడదు. ఆయన పేరు నీళ్ళను గుర్తుచేస్తే నీళ్ళకు ఇంకో మాట వెతుక్కోవాలి. "అయితే మేం నయం. ఒక్క మొగుడి పేరు మింగితే చాలు" అన్నారు మావాళ్ళు. అంటూ ఆనందపడ్డారా బాధపడ్డారా అన్నది నాకు తెలియలేదు. టీచరమ్మకు తెలిసినట్టుంది. ఆ రోజుకు పుస్తకం మూసేశారు.

ఇప్పుడు రత్తమ్మ గురించి చెప్పాలి. రత్తమ్మ, ఆమె కోడలు సుజాత మా షెడ్డులో పక్కపక్కనే కూర్చుంటారు. రత్తమ్మ పెద్దకొడుకు, అంటే సుజాత భర్త, జబ్బు చేసి చనిపోయాడు. పిల్లల్లేరు. అత్తాకోడళ్ళు ఒకే గోతం మీద కూర్చుని, ఒకే క్యారేజీలో తిని, ఒకే గొడుగు కింద ఇంటికెళతారు. రత్తమ్మకు వాళ్ళ వీధిలో మంచి పేరేమీ లేదు. ఆమె పెరట్లో మునగచెట్టుంది, కాయలు కోసే పొడుగాటి దోటి ఒకటుంది, వెదురుది, కొసన ఇనుప కొక్కెంతో. దాన్ని ఎవరికీ ఇవ్వదు. పాస్టరు గారి భార్య అడిగినా ఇవ్వలేదు. "కాయలు కావాలంటే కోసిస్తా. దోటి మాత్రం ఇవ్వను. పోయినది మళ్ళీ ఇంటికి రాదు" అంటుంది. ఈ మాట దోటి గురించే అంటుందని నేను చాలాకాలం అనుకున్నాను.

పోయిన వేసవిలో టీచరమ్మ ఇంకో నవల మొదలుపెట్టారు. అందులో ఓ వయసు పిల్ల భర్త చనిపోతాడు. ఆవులిచ్చి తెచ్చుకున్న కోడలు బయటికి పోకూడదు కాబట్టి, ఆమెను చనిపోయినవాడి తమ్ముడికి అప్పజెప్పాలని పెద్దలు తీర్మానిస్తారు. టీచరమ్మ ఆ తమ్ముడు ఆమె గుడిసె గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడని చెప్పి, అలవాటుగా వేళ్ళ వంక చూశారు.

షెడ్డులో ఒక్క చెయ్యీ ఆడటం లేదు. సుజాత వేళ్ళ మధ్య కాయ అలాగే ఉంది, తొడిమ సగం ఊడి.

సంగతేమిటో టీచరమ్మకు తెలియదు. అక్కడున్నవాళ్ళలో తెలియనిది మా ఇద్దరికే. చివరికి నాగమణి ఉండబట్టలేక, "ఈమెని కూడా మరిదికే చేస్తానంటంది టీచరమ్మా, రత్తమ్మ. మంగళగిరి బట్టల కొట్లో చేస్తాడే, ఆ పిల్లోడికి. ఈస్టరు పండక్కి పెడదామంటంది" అంది.

టీచరమ్మ మూతి మీది తువ్వాలు విప్పేశారు. "నాకు తెలియదు రత్తమ్మా. దేవుడి తోడు, తెలిస్తే ఈ పుస్తకం తీసేదాన్ని కాదు. ఇక్కడితో ఆపేస్తాను."

"ఎందుకాపుతారు?" అంది రత్తమ్మ. గొంతు కాయలా ఎండిపోయి ఉంది. "కథేగా? చెప్పండి. ఏం చేసిందా పిల్ల?"

అప్పటి నుంచి నాలుగైదు మధ్యాహ్నాలు షెడ్డులో జోకుల్లేవు, టక్కుల్లేవు. ప్రసాదు బస్తాలు దింపి గుమ్మం పక్కన నీడలో నిలబడిపోయేవాడు, అతన్ని తరమడం కూడా ఎవరికీ గుర్తురాలేదు. సుజాత ఒక్కతే లేచి అతనికి చెంబుతో మంచినీళ్ళు ఇచ్చి వచ్చేది. నవలలో పిల్ల పారిపోయింది. రైలెక్కి పట్నం చేరింది. అక్కడ ఒకడు ఆదరిస్తానన్నాడు, ఆదరించలేదు. చివరికి ఒంట్లో రోగంతో తిరిగొచ్చి, మామగారి వాకిట్లో పడి, బుద్ధొచ్చిందని చెప్పి కన్నుమూసింది. అయిపోయింది.

"ఇదేం ముగింపు?" అని నాగమణి లేచి నిలబడింది. "అంత పట్నంలో ఒక్క మంచోడు దొరకలేదా? ఒక్క గది దొరకలేదా? పని చేసుకునే చేతులున్నయ్యిగా దానికి!"

"ఇలాంటివి ఆ కాలంలో మగవాళ్ళు రాసినవి నేను చాలా చదివాను" అన్నారు టీచరమ్మ. "వాటిలో ఇల్లు దాటిన ఆడది రెండు రకాలుగానే తిరిగొస్తుంది, జబ్బుతోనో, క్షమాపణతోనో. రాసినాయన చెడ్డవాడు కాదు. ఆ పిల్లని గుమ్మం దాకా ఎంత బాగా తీసుకొచ్చాడో చూశారుగా. అది దాటేసరికి ఆయనే భయపడ్డాడు. తర్వాత ఆడవాళ్ళూ రాశారు. వాళ్ళ కథల్లో ఇల్లు దాటినామె పట్నంలో బడి పెడుతుంది, కుట్టుమిషను తొక్కుతుంది, ఒక్కోసారి దెబ్బ తింటుంది, మళ్ళీ లేస్తుంది. కానీ ఈ పుస్తకంలో ఉన్నది ఇదే."

సాయంత్రం అందరూ వెళ్ళాక నేను అన్నాను. "ఎందుకండీ ఈ గొడవ? పిల్ల సుఖంగా ఉందని చెప్పేస్తే పోయేదిగా. జులూ చదివి మిమ్మల్ని పట్టుకునేవాడు ఈ జిల్లాలో ఎవడున్నాడు?"

ఆమె తువ్వాలు మడతపెట్టి మేకుకు తగిలించారు. "సుజాత నా అబద్ధం నమ్ముకుని బస్సెక్కితే, ఆ బస్సు దిగే చోట నేనుంటానా తమ్ముడూ?" అన్నారు.

మర్నాడు రత్తమ్మ కథ సంగతి ఎత్తదనుకున్నాం. ఆమే ఎత్తింది. కాయలు తుంచుతూ తుంచుతూ, "నాకొకటి చెప్పండి టీచరమ్మా. ఆ పిల్లకి అత్త లేదా?" అంది.

"ఉంది."

"మరి అత్తేమంది? పెద్దలు చెప్పుకున్నారు, మరిదొచ్చి నిలబడ్డాడు, మామ అరిచాడు. అత్తేమందో చెప్పలేదే మీరు?"

టీచరమ్మ పుస్తకం తెరిచారు. అటూ ఇటూ తిప్పి చాలాసేపు వెతికారు. "అత్త జొన్నలు దంచుతూ ఉందని ఒకచోట ఉంది. అంతే. ఏమన్నదో ఆయన రాయలేదు."

"రాయలేదా?" రత్తమ్మకు నిజంగా కోపమొచ్చింది. "ఆ పిల్లని పొద్దున లేపేది అత్త, దానికి జొరమొస్తే తెలిసేది అత్తకి, అది నవ్వితే దేనికి నవ్విందో తెలిసేది అత్తకి. ఆమెని అడక్కండా కథెట్టా రాసేశాడు?"

అప్పుడు సుజాత మాట్లాడింది. కథల మధ్యాహ్నాలు ఇన్ని జరిగినా షెడ్డులో ఆమె గట్టిగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. "అత్తా, నువ్వు మాత్రం నన్ను అడిగావా?"

రత్తమ్మ కోడలి వంక చూసింది.

"వాడికి నేను క్యారేజీ కట్టి బడికి పంపాను. వాడి చొక్కాకి గుండీలు కుట్టాను. వాణ్ణెట్టా చేసుకునేది? వాడు కూడా ఫోన్లో ఏడ్చాడు, అమ్మకి చెప్పలేను వదినా అని."

"అట్టాగైతే నువ్వెళ్ళిపోతావు" అంది రత్తమ్మ. ఆమె చెప్పింది ఆ ఒక్క మాటే. దోటి సంగతి నాకు అప్పుడు అర్థమైంది. కొడుకు పోయాక కోడలిని ఇంట్లో ఉంచుకోవడానికి ఆమెకు తట్టిన దారి ఇంకో కొడుకు ఒక్కటే. టీచరమ్మ లేచి రత్తమ్మ పక్కన అదే గోతం మీద కూర్చుని, రాశిలోంచి ఒక కాయ తీసి తొడిమ తుంచారు. వంకరగా తుంచారు. రత్తమ్మ దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని సరిగ్గా తుంచి పక్కన పెట్టింది.

పండుగ వచ్చింది, పోయింది. పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. అలాగని వద్దనీ ఎవరూ అనలేదు. ఆ ఇంట్లో అది అలా నడుమ వేలాడుతూ ఉంది.

వానలు పడ్డాక టీచరమ్మకు ఆయాసం మొదలైంది. షెడ్డుకు రావడం తగ్గి, ఆ తర్వాత మానేశారు. మిరప ఘాటు వల్లేనేమోనని నేను కుమిలిపోతుంటే, "మీ ఘాటుకి అంత లేదు, ఇది వయసు" అని కసిరారు. మా ఆడవాళ్ళు వంతులవారీగా వెళ్ళి కూర్చునేవాళ్ళు. అందరికంటే ఎక్కువ వెళ్ళింది రత్తమ్మ. మునగాకు పప్పు చేసి పట్టుకెళ్ళేది. ఒకరోజు నేను వెళ్ళేసరికి ఇద్దరూ మాటల్లో ఉన్నారు.

"అత్తేమందో ఆయన రాయలేదని కోప్పడ్డావుగా. ఆ ముక్క ఇప్పుడు నువ్వే రాయి రత్తమ్మా" అంటున్నారు టీచరమ్మ.

"నాకు రాతెక్కడిదమ్మా! నాది వేలిముద్రేగా."

"పెన్నుతోనే రాయాలని ఎవరన్నారు?"

రత్తమ్మ నన్ను చూసి మాట మార్చింది. "పప్పులో ఉప్పు చాలిందా?" అంది. "ఆ జులూ పక్కింటామె ఉప్పులాగే ఉంది, అడిగితేగానీ రాదు" అన్నారు టీచరమ్మ. ఆ ఉప్పు కథ రత్తమ్మకు తెలుసు కాబట్టి నవ్వింది. టీచరమ్మ కాస్త బాగున్నప్పుడు నేను చూసింది అదే ఆఖరు. ఆ వారంలోనే గుంటూరు తీసుకెళ్ళారు.

సమాధుల తోటకు మా షెడ్డు మొత్తం వచ్చింది. పాస్టరు గారు మంచి మాటలే చెప్పారు. ఆఫ్రికాలో సేవ చేశారన్నారు, దేవుని పొలంలో పనిచేశారన్నారు. మిరపకాయల మాట రాలేదు. మా ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ముందు రోజంతా కాయ తుంచిన చేతులు. కట్టుబాటు కట్టుబాటే. ఒక్కరూ చెయ్యి కళ్ళ దాకా ఎత్తలేదు. నాగమణి చేతులు వెనక్కి కట్టుకుని, మొహం ఎత్తి, కన్నీళ్ళు ఎటు కారితే అటు కారనిచ్చింది. పక్క ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలు ఈ వింత ఏడుపేమిటా అని చూశారు. సుజాత నడుముకు దోపుకున్న తువ్వాలు ఒకటి తీసింది. తెల్లది, నల్ల గీత అంచుది. మేకు మీది తువ్వాలు. దాంతో ముందు అత్త కళ్ళు ఒత్తింది, ఆ తర్వాత తన కళ్ళు ఒత్తుకుంది.

మర్నాడు షెడ్డు తీస్తే మేకు ఖాళీగా ఉంది. మధ్యాహ్నం టీ వచ్చింది, అందరూ చక్కెర లేకుండా తాగి బెల్లంముక్క నోట్లో వేసుకున్నారు. కథ లేదు. వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి.

మొన్న ఆదివారం, చర్చి వదిలే వేళకు, నేను సరుకుల కోసం బజారుకెళుతూ ప్రసాదు ఉండే వీధిగుండా వెళ్ళాను. ట్రాలీ ఆటో ఇంటి ముందు ఆగి ఉంది. అతను రోడ్డు మీద నిలబడి, మెడ వెనక్కి వంచి, తన ఇంటి కప్పు వంక చూస్తున్నాడు. గుమ్మం పక్క గుంజకు పొడుగాటి వెదురు కర్ర ఒకటి తాళ్ళతో గట్టిగా బిగించి ఉంది. దాని కొసన ఇనుప కొక్కెం ఉంది. కొక్కేనికి తెల్ల తువ్వాలు కట్టి ఉంది. గాలికి విచ్చుకున్నప్పుడల్లా అంచున నల్ల గీత కనపడుతోంది.

"చూశారా అండీ, ఇదేంటో! పొద్దున లోడుకెళ్ళినప్పుడు లేదు. వచ్చేసరికి ఉంది" అన్నాడు ప్రసాదు.

షెడ్డు గుమ్మంలో అతను విన్నది ఏడుపు కథే. తెల్ల జెండా ఉన్న కథ నడిచే రోజుల్లో మావాళ్ళు అతన్ని టక్కుమని తరిమేశారు.

"ఎవరు కట్టారని పక్కవాళ్ళను అడగలేదా?" అన్నాను.

"అడిగానండి. రత్తమ్మ గారే నిలబడి కట్టించిందంట. ఆ దోటి ఎవరికీ ఇవ్వదు కదండీ ఆమె? నా ఇంటి మీద పెట్టి పోయిందేంటి? పట్టుకెళ్ళి ఇచ్చేసి రమ్మంటారా?"

"వద్దు. ఉండనీ" అన్నాను.

అతను సరేనని, ఆటోను ఎండలోంచి నీడలోకి తోసి, అన్నం తినడానికి లోపలికెళ్ళాడు.